పొడిబారిన సున్నితమైన చర్మాన్ని ఇంట్లో ఎలా చూసుకోవాలి?

స్నానం చేసి వచ్చిన కాసేపటికే ఒళ్లంతా బిగదీసినట్టు అనిపించడం, పిక్కల మీద తెల్లటి పొట్టు లేవడం, కొత్తగా ఏది రాసినా మంట పుట్టడం... ఇవన్నీ మొదలయ్యాక చాలామంది చేసే పని ఇంకో క్రీమ్ కొనడం. నేనైతే ముందు రాసేవి తగ్గించమంటాను. పొడి చర్మం కోలుకోవడానికి కావాల్సిన సామాను చాలా తక్కువ.

చర్మం పైపొరలో కణాల మధ్య సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు అనే కొవ్వు పదార్థాలు ఉంటాయి. లోపలి నీరు ఆవిరైపోకుండా ఆపేవి ఇవే. ఇవి తగ్గితే తేమ బయటికి పోతుంది. సబ్బు, సెంటు లాంటివి తేలిగ్గా లోపలికి దిగి దురద, మంట తెప్పిస్తాయి. పొడిదనం, సున్నితత్వం చాలామందిలో కలిసే కనిపించడానికి కారణం ఇదే. కాబట్టి మనం చేయాల్సిన పని ఆ పొరను చెడగొట్టకుండా ఉండటం, అది తిరిగి కట్టుకునేదాకా కాపు కాయడం.

మొదటి పని: కొన్నాళ్లు అన్నీ ఆపేయండి

ఓ రెండు మూడు వారాలు స్క్రబ్బులు, ఫేస్ మాస్కులు, ఆల్కహాల్ ఉన్న టోనర్లు, రెటినాల్, గ్లైకాలిక్ యాసిడ్ లాంటి ఘాటైన పదార్థాలున్న క్రీములు పక్కన పెట్టండి. డాక్టరు రాసిచ్చిన మందులు మాత్రం అడగకుండా మానొద్దు. వంటింటి చిట్కాల్లో నిమ్మరసం, బేకింగ్ సోడా ముఖానికి అసలు రాయకండి. ఆరోగ్యంగా ఉన్న చర్మం కొద్దిగా ఆమ్ల గుణంతో ఉంటుంది, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) సుమారు 5. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర, సోడా పీహెచ్ 8 పైన ఉంటాయి. సహజమైనది కదా అని చర్మం ఊరుకోదు.

రెండో పని: స్నానం మార్చండి

వేడి నీళ్లు హాయిగానే ఉంటాయి, కానీ చర్మంలోని కొవ్వును కడిగేస్తాయి. గోరువెచ్చని నీళ్లతో, 5 నుంచి 10 నిమిషాల్లో స్నానం ముగించండి. మామూలు సబ్బుల పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది. వాటి బదులు సువాసన లేని, నురుగు తక్కువ వచ్చే క్లెన్సర్ గానీ సిండెట్ బార్ (సబ్బులా కనిపించినా సబ్బు కాని, చర్మానికి మృదువైన బిళ్ల) గానీ వాడండి. అదీ ఒళ్లంతా అక్కర్లేదు. చంకలు, గజ్జలు, పాదాలకు రాస్తే సరిపోతుంది. చేతులకు, కాళ్లకు మట్టి అంటితే తప్ప నీళ్లు చాలు. పీచు, బ్రష్ వద్దు. ముఖానికి పొద్దున ఉత్త నీళ్లు, రాత్రి క్లెన్సర్ వాడి చూడండి, చాలామందికి తేడా తెలుస్తుంది.

మూడో పని: తడి ఆరకముందే మాయిశ్చరైజర్

అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. మెత్తటి తువ్వాలుతో ఒత్తుకోండి, రుద్దొద్దు. చర్మం ఇంకా కొంచెం తడిగా ఉండగానే, మూడు నాలుగు నిమిషాల్లోపే రాసేయండి. పూర్తిగా ఆరాక రాస్తే పట్టి ఉంచడానికి అక్కడ నీరు మిగలదు. అందుకే సీసాను బీరువాలో కాకుండా స్నానాల గదిలోనే పెట్టుకోండి.

ఏది కొనాలో తేల్చుకోవడానికి డబ్బా మీద పదార్థాల జాబితా చూడాలి. గ్లిజరిన్, హయలురోనిక్ యాసిడ్ నీటిని పట్టి ఉంచుతాయి. సెరమైడ్లు తరిగిపోయిన కొవ్వును భర్తీ చేస్తాయి. పెట్రోలియం జెల్లీ, డైమెథికోన్ పైన పొరలా కూర్చుని తేమను బయటికి పోనివ్వవు. ఇలా తేమను పట్టేది ఒకటి, పోకుండా కాపాడేది ఒకటి ఉన్నది మంచి ఎంపిక. బాగా పొడిగా ఉన్నవాళ్లకు లోషన్ సరిపోదు. అందులో నీరు ఎక్కువ. క్రీమ్ నయం, ఆయింట్‌మెంట్ ఇంకా గట్టిగా పనిచేస్తుంది, జిడ్డుగా ఉన్నా రాత్రిపూట భరించవచ్చు. యూరియా 10 శాతం దాకా ఉన్న క్రీములు గరుకు కాళ్లకు, చేతులకు బాగుంటాయి. పగుళ్లు ఉన్నచోట, ముఖం మీద మాత్రం మండుతాయి.

నూనెల సంగతీ చెప్పాలి. పొద్దుతిరుగుడు నూనె చాలామందికి పడుతుంది. ఆలివ్ నూనె మాత్రం పైపొరను ఇంకా బలహీనం చేయవచ్చు, దాన్ని వదిలేయడమే మేలు. ఏ నూనె అయినా తనంతట తాను నీటిని ఇవ్వదు, కాబట్టి తడి చర్మం మీదే రాయాలి.

ఇంకో ముఖ్యమైన జాగ్రత్త: జిడ్డు క్రీములు, జెల్లీ పీల్చుకున్న బట్టలు, దుప్పట్లు నిప్పు తగిలితే త్వరగా అంటుకుంటాయి. అవి రాసుకుని పొయ్యి, కొవ్వొత్తి, సిగరెట్ దగ్గరికి వెళ్లకండి.

నాలుగో పని: కొత్తది ముందు చేతి మీద పరీక్షించండి

మోచేయి మడత దగ్గర చిన్న చోట రోజుకు రెండుసార్లు, 7 నుంచి 10 రోజులు రాసి చూడండి. ఎర్రబడకపోతే, దురద రాకపోతే అప్పుడు ముఖానికి. ఒకేసారి రెండు కొత్తవి మొదలుపెడితే ఏది పడలేదో తెలియక తల పట్టుకోవాలి. 'అన్‌సెంటెడ్' అని రాసి ఉన్నంత మాత్రాన సువాసన పదార్థం లేనట్టు కాదు, వాసనను కప్పడానికి కూడా ఒకటి కలుపుతారు. 'ఫ్రాగ్రెన్స్ ఫ్రీ' అన్నది వెతకండి.

మిగతా చిన్న పనులు

బయటికి వెళ్లేటప్పుడు ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న సన్‌స్క్రీన్ కావాలి. సున్నితమైన చర్మానికి జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్నవి సాధారణంగా మండవు. బట్టలకు సువాసన లేని డిటర్జెంట్ వాడి, మంచి నీళ్లలో ఇంకోసారి జాడించండి. ఒంటికి తగిలేది నూలు బట్ట అయితే మంచిది, ఉన్ని గుచ్చుతుంది. గిన్నెలు తోమేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, చేతులు కడిగిన ప్రతిసారీ క్రీమ్ రాయండి. గోళ్లు చిన్నగా ఉంచండి. ఏసీ, హీటర్ ఉన్న గదిలో గాలి ఎండిపోతుంది. హ్యూమిడిఫైయర్ (గాలిలో తేమ పెంచే యంత్రం) వాడితే రోజూ శుభ్రం చేయాలి, లేకపోతే అదే బూజు చల్లుతుంది. ఎక్కువ నీళ్లు తాగితే చర్మం మెత్తబడుతుందని చెబుతుంటారు. దాహానికి తగినంత తాగండి చాలు, పొడిదనం పోవడానికి పైన రాసేదే పని చేస్తుంది.

డాక్టరును ఎప్పుడు కలవాలి?

పైపొర మారడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది, కాబట్టి మూడో రోజే టెన్షన్ పడకండి. కానీ పగుళ్ల నుంచి రక్తం వస్తున్నా, పసుపు రసి కారుతున్నా, వేడిగా వాచినా, దురదతో నిద్ర పట్టకపోయినా ఆగొద్దు. రెండు మూడు వారాలు ఇవన్నీ పాటించినా ఏమాత్రం తగ్గకపోతే కూడా వెళ్లండి. అది ఎగ్జిమా (దురద, ఎరుపుతో వచ్చే చర్మ వ్యాధి) కావచ్చు, థైరాయిడ్, షుగర్, కిడ్నీ సమస్యల వల్ల కూడా చర్మం పొడిబారుతుంది. ఈలోగా ఎవరో చెప్పారని స్టెరాయిడ్ క్రీమ్ ముఖానికి రాయకండి. వెంటనే తగ్గినట్టు కనిపించినా, వారాల తరబడి వాడితే చర్మం పలచబడుతుంది, ఆపగానే మంట తిరగబెట్టవచ్చు. వెళ్లేటప్పుడు మీరు వాడుతున్న సబ్బు, క్రీములు, డిటర్జెంట్ల పదార్థాల జాబితాలు ఫొటో తీసుకెళ్లండి. అలర్జీ అనుమానం ఉంటే ప్యాచ్ టెస్టులో (పదార్థాలను చర్మం మీద అంటించి చూసే పరీక్షలో) ఏవి పరీక్షించాలో డాక్టరు వాటిని చూసే నిర్ణయించుకోగలరు.