రచయితల సదస్సుకు వెళ్లేటప్పుడు

విశాఖపట్నంలో సాహిత్య సభలకు వేదికయ్యే ద్వారకానగర్ పౌర గ్రంథాలయం ఆర్టీసీ కాంప్లెక్స్‌కు దగ్గరే కాబట్టి, అక్కడ జరిగే సదస్సుకు విజయనగరం, శ్రీకాకుళం నుంచి బస్సులో వచ్చే కొత్త రచయితలు ప్రారంభోపన్యాసం వేళకు కాక, పేర్ల నమోదు వేళకే చేరుకోవడం మంచిది. అప్పుడు, ఆపైన టీ విరామంలో కుదిరే పరిచయాలు వేదిక మీది ప్రసంగాలకన్నా ఎక్కువగా అక్కరకు వస్తాయి.

పేరున్న రచయిత ఎదురైతే సంచిలోంచి నవల రాతప్రతి తీసి చేతిలో పెట్టకండి. మర్యాదకు పుచ్చుకుంటారు గానీ, చదివే తీరిక దొరకడం అరుదు. వక్తల జాబితా చూసుకొని, వారి కథ ఒక్కటైనా ముందుగా చదివి, "ఈ కథను ఆ పాత్ర వైపు నుంచే ఎందుకు చెప్పారండీ?" అని అడిగితే సంభాషణ దానంతట అదే సాగుతుంది.

సంపాదకులను అడగవలసినవి వేరు: కథ ఎన్ని పదాల్లో ఉండాలి, ఫోన్లలో, ఇంటర్నెట్‌లో వాడే యూనికోడ్‌లో పంపాలా, అచ్చుపనికి డీటీపీలో వాడే 'అను' ఫాంట్లలోనా, ఎంతకాలం చూశాక మరో పత్రికకు పంపవచ్చు. ఒకదాంట్లోంచి మరోదాంట్లోకి మార్చేటప్పుడు వత్తులు చెదిరిపోతుంటాయి గనుక, పీడీఎఫ్ ప్రతి కూడా జతచేయడం మేలు.

పుస్తకాల బల్ల దగ్గరికి చిల్లర నోట్లతో వెళ్లండి. అక్కడ చాలాసార్లు రచయితలే స్వయంగా అమ్ముకొంటుంటారు.