ఆఫ్రికా మైదానాల వేటకు బుల్లెట్ బరువు ఎంచుకోవడం ఎలా

చెన్నైలోని రైఫిల్ క్లబ్బులో పాయింట్ టూ టూ (.22) అనే చిన్న రైఫిల్‌తో కాగితం మీద గురి నేర్చుకున్నవారికి బుల్లెట్ బరువు గురించి ఆలోచించవలసిన అవసరం పెద్దగా రాదు. ఆ తూటా ముందుండే సీసం ముక్క సాధారణంగా 40 గ్రెయిన్లు ఉంటుంది, కాగితానికి చిల్లు పడితే పని అయిపోతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత మన దేశంలో వేటకు దాదాపు తెర పడింది కనుక, ఇంట్లో అడిగి తెలుసుకుందామన్నా చెప్పగల పెద్దలు అరుదు. అలాంటివారు నమీబియాకో దక్షిణాఫ్రికాకో చట్టబద్ధమైన వేటకు బయలుదేరేటప్పుడు ఏ రైఫిల్ మంచిదని అడుగుతారు. అక్కడ రైఫిల్ అద్దెకు దొరుకుతుంది. తేల్చుకోవలసింది అందులో ఎంత బరువు బుల్లెట్, ఎలా తయారైన బుల్లెట్ వేయాలన్నది.

ఒక గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. మన పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు, 30-06 అనే రకం తూటా వేసే రైఫిల్‌లో ఎక్కువమంది వాడే పెద్ద బుల్లెట్ బరువూ అంతే. ఇప్పుడు నగల దుకాణంలో చెప్పే పది గ్రాముల తులం వేరు. పెట్టె మీద అచ్చువేసే ఈ అంకె ముందుండే బుల్లెట్‌దే తప్ప మందు, ఇత్తడి తొడుగు కలిపిన తూటా మొత్తానిది కాదు.

ముందుగా, వేటాడబోయే జంతువుల జాబితా రాసుకోవాలి. స్ప్రింగ్‌బాక్ మన గిండీ పార్కులో కనిపించే కృష్ణజింక అంతే ఉంటుంది, ఇంపాలా దానికంటే కొంచెం పెద్దది. కుడూ, గెమ్స్‌బాక్, వైల్డ్‌బీస్ట్ అనే పెద్ద జింక జాతులలో మగవి రెండు వందల కిలోల పైమాటే, జీబ్రా మూడు వందలకు చేరుతుంది, ఇంకా పెద్ద జింక జాతి అయిన ఈలాండ్ పోతు ఏడు వందల కిలోలు కూడా దాటగలదు. ఒకే రైఫిల్‌తో వీటిలో నాలుగైదింటిని వేటాడాలనుకునేవారు జాబితాలోని అతి గట్టి జంతువును చూసి బరువు నిర్ణయించుకోవాలి. చిన్నదానికి సరిపోయే తేలిక బుల్లెట్ పెద్దదాని భుజం ఎముక దగ్గరే ఆగిపోవచ్చు, పెద్దదానికి తగిన బుల్లెట్ మాత్రం చిన్నదాన్ని కూడా పడగొడుతుంది. పైగా వేగంగా వెళ్లే తేలిక బుల్లెట్ దగ్గరి దూరంలో స్ప్రింగ్‌బాక్ భుజం మాంసాన్ని నుజ్జు చేసి పాడుచేస్తుంది.

గట్టిదనం అన్నప్పుడు శరీర బరువు ఒక్కటే లెక్క కాదు. కుడూ ఎంత ఎత్తుగా కనిపించినా దాని పరిమాణానికి మెత్తని జంతువు. దాదాపు అంతే బరువున్న వైల్డ్‌బీస్ట్ మాత్రం తప్పుచోట తగిలితే కిలోమీటర్ల కొద్దీ నడుస్తుంది. ఈ జంతువులలో గుండె, ఊపిరితిత్తులు ఛాతీలో కిందుగా, ముందుకాళ్ల మధ్యకు వచ్చి ఉంటాయి కనుక, పక్కకు తిరిగి నిలబడినప్పుడు ముందుకాలి వెంబడి చూపును పైకి తీసుకెళ్లి శరీరపు కింది మూడోవంతు దగ్గర ఆపాలని వేట గైడ్లు చెబుతారు. అక్కడ కొడితే బుల్లెట్ భుజాన్ని దాటి లోపలికి వెళ్లాలి. బరువు ఎందుకు కావాలో ఇక్కడ అర్థమవుతుంది: ఒకే క్యాలిబర్‌లో, అంటే తుపాకీ గొట్టం వ్యాసం ఒకటే అయినప్పుడు, బరువు పెరిగేకొద్దీ బుల్లెట్ పొడవవుతుంది, తయారీ ఒకటే అయితే లోతుగా దిగుతుంది.

అయితే తయారీ మారితే ఈ లెక్క మారిపోతుంది. పల్చని రాగి తొడుగులో సీసం పోసిన మామూలు బుల్లెట్ ఎముకకు తగలగానే చిట్లి సగం బరువు పోగొట్టుకోవచ్చు. తొడుగుకు సీసాన్ని గట్టిగా అతికించిన బాండెడ్ రకం, మధ్యలో అడ్డుగోడ ఉన్న పార్టిషన్ రకం బరువును చాలావరకు నిలుపుకుంటాయి, పూర్తిగా రాగితో చేసినది దాదాపు అంతా నిలుపుకుంటుంది. అందుకే 30-06లో బాండెడ్ అయితే 180, రాగిది అయితే 165 గ్రెయిన్లు తీసుకోమని నేను చెబుతాను. 308 విన్‌చెస్టర్‌లో బాండెడ్ 165 లేదా 180, రాగిది 150 చాలు. రాగి సీసం కంటే తేలిక లోహం కనుక అదే బరువుకు బుల్లెట్ మరింత పొడవవుతుంది. బ్యారెల్, అంటే తుపాకీ గొట్టం, లోపల బుల్లెట్‌ను గిర్రున తిప్పే మెలికల గాడులు నెమ్మదిగా తిరిగేవైతే, ఉదాహరణకు 12 అంగుళాలకు ఒక చుట్టు అయితే, మరీ పొడవైన బుల్లెట్ గాలిలో నిలకడగా ఉండకపోవచ్చు. ఈలాండ్ జాబితాలో ఉంటే 375 హెచ్ అండ్ హెచ్ అనే పెద్ద రకం తూటాలో 270 లేదా 300 గ్రెయిన్లతో నిశ్చింతగా ఉండవచ్చు, కానీ కాల్చినప్పుడు భుజానికి తగిలే దాని తన్ను ఓర్చుకోగలరా అన్నది ముందే పరీక్షించుకోవాలి. తన్నుకు భయపడి కళ్లు మూసుకుని ట్రిగ్గర్ నొక్కేవారికి ఏ బరువూ సాయం చేయదు.

నమీబియాలో చట్టం కూడా ఈ ఎంపికలో జోక్యం చేసుకుంటుంది. స్ప్రింగ్‌బాక్ వంటి చిన్నవాటికి తూటా శక్తి బ్యారెల్ మూతి దగ్గర కనీసం 1350 జౌళ్లు, కుడూ, గెమ్స్‌బాక్, ఈలాండ్ వంటివాటికి 2700 జౌళ్లు ఉండాలి. 243 విన్‌చెస్టర్‌లో సెకనుకు 2,960 అడుగుల వేగంతో వెళ్లే మామూలు 100 గ్రెయిన్ల తూటా సుమారు 2,640 దగ్గర ఆగిపోతుంది, అంటే కుడూకు చాలదు. 30-06లో 180 గ్రెయిన్లు 2,700 అడుగుల వేగంతో దాదాపు 3,950 జౌళ్లు ఇస్తాయి.

తేలిక బుల్లెట్ చదునుగా వెళుతుందన్న వాదన నిజమే, కానీ దాని విలువను మనవాళ్లు ఎక్కువగా ఊహించుకుంటారు. రెండు వందల గజాలకు గురి సరిచేసిన 30-06లో 150కీ 180కీ మధ్య మూడు వందల గజాల దగ్గర తేడా ఒక అంగుళం అటూఇటూగా ఉంటుంది. ముక్కాలి కర్ర మీద రైఫిల్ ఆన్చి, ఎండలో ఊపిరి ఆడకుండా నిలబడ్డప్పుడు మన చేతి వణుకే అంతకంటే ఎక్కువ.

బరువైన గట్టి బుల్లెట్‌తో ఒక జాగ్రత్త తప్పనిసరి: అది జంతువును దాటి బయటికి వెళుతుంది కనుక, మందలో వెనుక మరొకటి నిలబడి ఉంటే కాల్చకూడదు. గాయపడి దొరకకపోయినదానికి కూడా పూర్తి రుసుము చెల్లించవలసి రావడం అక్కడ మామూలు పద్ధతి.

అద్దె రైఫిల్ తీసుకునేవారు అది ఏ తూటాతో గురి సరిచేసి ఉందో గైడును అడగాలి. బరువు మారితే తూటా పడే చోటూ మారుతుంది కాబట్టి, మొదటి రోజే వంద మీటర్ల దగ్గర కాగితం మీద కాల్చి చూసుకోవాలి. వేటలో జంతువు పడిపోయినట్టు కనిపించినా వెంటనే బోల్టు లాగి రెండో తూటా ఎక్కించాలి, అదీ అదే పెట్టెలోనిదై ఉండాలి.