నమ్మకం సన్నగిల్లిన రోజుల్లో ప్రార్థించడం ఎలా?

సందేహాలు తీరాక ప్రార్థన మొదలుపెడదామని ఆగకండి. ఆ సందేహాన్నే దేవుని ముందు పెట్టండి. బైబిల్లోని మార్కు సువార్త 9వ అధ్యాయంలో జబ్బుపడిన కొడుకును తీసుకొచ్చిన తండ్రి తాను నమ్ముతున్నానని, తన అపనమ్మకం విషయంలో సాయం కావాలని ఒక్క ఊపిరిలో చెప్పాడు. నమ్మకం పూర్తిగా కుదిరాక రమ్మని యేసు అతణ్ణి వెనక్కి పంపలేదు. బిడ్డను బాగుచేశాడు.

మాటలు రాకపోతే బైబిల్లోని ప్రార్థనా గీతాలైన కీర్తనల నుంచి తీసుకోండి. 13వ కీర్తనతో మొదలుపెట్టమని నా సలహా. అందులో ఉన్నవి ఆరే వచనాలు. మొదటి రెండింటిలోనే ‘ఎంతకాలం’ అన్న ప్రశ్న నాలుగుసార్లు వస్తుంది. పైకి వినబడేలా చదువుతూ, ఆ ప్రశ్న వచ్చిన ప్రతిచోటా ఆగి మీ బాధను చేర్చండి. అమ్మ మంచం పట్టిన రోజుల్లో రాత్రిళ్లు ఆమె పక్కన కూర్చుని నేను అలాగే చదివేదాన్ని. చెంచాతో నీళ్లు పోస్తే సగం దిండు మీదికి జారిపోయేవి. ‘ప్రభువా, గుక్కెడు నీళ్లకు ఈమె ఎంతకాలం ఇలా అవస్థపడాలి?’ అని అడిగేదాన్ని. ఆ మాట అడిగాకే నాకు మిగతా ప్రార్థన నోట వచ్చేది.

ఆ కీర్తన చివర్లో ఆనందం, స్తుతి ఉన్నాయి. అవి మనసుకు ఎక్కని రోజున నాలుగో వచనం దగ్గరే ఆగిపోండి. తప్పేమీ లేదు. 88వ కీర్తన అయితే చీకటి గురించిన మాటతోనే ముగుస్తుంది, అయినా అది పరిశుద్ధ గ్రంథంలో భాగమే. సిలువ మీద ‘నన్నెందుకు విడిచిపెట్టావు’ అని యేసు వేసిన కేక కూడా 22వ కీర్తన మొదటి వచనమే. కాబట్టి మీ ఫిర్యాదు దైవదూషణ అవుతుందేమోనని భయపడకండి.

ప్రార్థనకు రోజూ ఒకే వేళ పెట్టుకోండి, ఐదు నిమిషాలు చాలు.

ఒంటికి విశ్రాంతి ఇవ్వండి. నిరాశతో చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దేవుడు ముందు నిద్ర, రొట్టె, నీళ్లు ఇచ్చాడు. ప్రశ్న ఆ తర్వాతే అడిగాడు. నిరాశ వారాల తరబడి వదలకపోతే వైద్యుణ్ణి కలవండి. దాన్ని విశ్వాసలోపం అనేవారి మాట పట్టించుకోవద్దు.

మీ చర్చి సంఘంలో ఒక్కరికైనా మీ స్థితి చెప్పండి. జవాబులు ఇవ్వడానికి తొందరపడని మనిషిని ఎంచుకోండి. బైబిల్లో బిడ్డల్ని, ఆస్తిని, ఆరోగ్యాన్ని పోగొట్టుకున్న యోబు స్నేహితులు ఏడు రోజులు అతనితో నేల మీద మౌనంగా కూర్చున్నారు. వారు చేసిన మేలు అదే, నోరు తెరిచాక గాయాన్ని కెలికారు. ఓదార్చే వంతు మీదైతే ‘అంతా దేవుని చిత్తం’ అనే మాట పక్కనపెట్టి, ఆ రాత్రి రోగి దగ్గర మీరు మేలుకుని ఇంటివారిని పడుకోనివ్వండి.

‘మీ దేవుడు ఎందుకు బాగుచేయలేదు?’ అని బయటివారు అడిగితే, తెలియకపోతే తెలియదనే చెప్పండి. ‘నేనూ ఆయన్ని అదే అడుగుతున్నాను’ అని నేను చెప్పేదాన్ని. అబద్ధపు సాక్ష్యం కన్నా అది మేలు.

ఇక చుట్టూ ఉన్నవారి ఒత్తిడి. ఎక్కడ సర్దుకోవాలో, ఎక్కడ కుదరదనాలో తీరిగ్గా ఉన్నప్పుడే నిర్ణయించుకోండి. బబులోనుకు బందీగా వెళ్లిన యూదు యువకుడు దానియేలు అక్కడి భాష, విద్య నేర్చుకున్నాడు, రాజు కొలువులో పనిచేశాడు. తన్ను అపవిత్రం చేస్తుందని రాజు భోజనం మాత్రం వద్దనుకున్నాడు. అదీ పోట్లాడి కాదు, అనుమతి అడిగాడు. పై అధికారి భయపడితే కింది అధికారి దగ్గరికి వెళ్లి కూరగాయలు, నీళ్లు మాత్రమే ఇచ్చి 10 రోజులు పరీక్షించి చూడమన్నాడు. మీ పనిచోట కూడా ‘ఇది నావల్ల కాదు, బదులుగా ఇది చేస్తాను’ అని ముందే మర్యాదగా అడగండి. ఒకరు కాదంటే మరొకరిని అడగండి.