లేసిక్ చేయించుకున్న కంటికి శుక్లం లెన్స్ పవర్ నిర్ణయించే పద్ధతి

పెళ్లికో ఉద్యోగానికో ముందు లేజర్‌తో (లేసిక్‌తో) కళ్లజోడు వదిలించుకున్నవారు చాలామంది దానిని ఆపరేషన్‌గా లెక్కించరు. అందువల్ల, శుక్లం ఆపరేషన్‌లో అమర్చే కృత్రిమ లెన్స్ పవర్ కోసం కంటిని కొలిచే బయోమెట్రీకి ముందు "కంటికి ఆపరేషన్ జరిగిందా" అని అడిగి ఊరుకోకుండా, "ఎప్పుడైనా కళ్లజోడు వాడారా, ఎలా మానేశారు" అని అడగాలి. కనుగుడ్డు పొడవుగా ఉండి, కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) రీడింగు 40 డయాప్టర్లకు (కాంతిని వంచే శక్తికి కొలమానం) లోపు వస్తే అనుమానించి, స్లిట్ ల్యాంప్ అనే కంటి సూక్ష్మదర్శినిలో, లేసిక్‌లో కార్నియాపై కోసి లేపిన పొర (ఫ్లాప్) అంచు కోసం వెతకాలి.

మైనస్ పవర్‌కు చేసే లేసిక్‌లో కార్నియా ముందు తలం చదునవుతుంది. వెనుక తలం దాదాపు మునుపటిలాగే ఉంటుంది. కార్నియా వంపును కొలిచే కెరటోమీటరు మాత్రం ముందు తలాన్నే కొలిచి, రెండు తలాల సహజ నిష్పత్తి చెదరలేదనుకొని, 1.3375 అనే వక్రీభవన గుణకంతో మొత్తం శక్తిని లెక్కగడుతుంది. ఉదాహరణకు, లేసిక్‌కు ముందు 43.5 డయాప్టర్లున్న కార్నియాపై మైనస్ 6 కళ్లజోడు పవర్‌ను సరిచేస్తే, కార్నియా వద్ద తగ్గేది సుమారు 5.6, అంటే అసలు శక్తి 37.9 కావాలి. యంత్రం 39 చూపిందనుకుందాం. దానినే నమ్మితే లెన్స్ పవర్ తక్కువపడి, రోగికి దూరానికి కూడా ప్లస్ అద్దాలు అవసరమవుతాయి.

ఇది చాలదన్నట్టు, లెన్స్ పవర్ లెక్కగట్టే ఎస్‌ఆర్‌కే/టీ వంటి ఫార్ములాలు చదునైన కార్నియాను చూసి లెన్స్ ముందుకు కూర్చుంటుందని ఊహించి పవర్‌ను ఇంకా తగ్గిస్తాయి. ఈ రెండో పొరపాటును సరిదిద్దడానికే 2003లో నేత్రవైద్యుడు అరంబెర్రి, లెన్స్ స్థానానికి లేసిక్‌కు ముందటి కార్నియా రీడింగునూ, పవర్‌కు తర్వాతి రీడింగునూ వాడే డబుల్-కె పద్ధతిని ప్రతిపాదించారు.

కాబట్టి మామూలు ఫార్ములాను వాడకూడదు. లేసిక్ నాటి పాత రికార్డులు దొరికితే మంచిదే. దొరకకపోయినా బారెట్ ట్రూ-కె, హైగిస్-ఎల్, షమ్మాస్ పద్ధతులతో లెక్కించవచ్చు. అమెరికన్ శుక్ల, రిఫ్రాక్టివ్ సర్జన్ల సంఘం వారి ఆన్‌లైన్ కాలిక్యులేటర్ ఇటువంటి అనేక ఫలితాలను పక్కపక్కన చూపుతుంది. వాటిమధ్య తేడా ఎక్కువగా ఉంటే, కన్ను పొడిబారిందేమో చూసి, చికిత్స చేసి మళ్లీ కొలవడం నా దృష్టిలో తప్పనిసరి. అప్పటికీ తేడా తగ్గకపోతే ఎక్కువ పవర్ వైపే మొగ్గి, మైనస్ 0.5 ప్రాంతాన్ని లక్ష్యంగా పెట్టుకోవడం మేలు. కొద్దిపాటి మైనస్‌తో దగ్గరి చూపైనా దక్కుతుంది, ప్లస్ మిగిలితే దూరం, దగ్గర రెండూ ఇబ్బందే.

ప్లస్ పవర్‌కు లేసిక్ జరిగిన కంట్లో పొరపాటు ఇందుకు వ్యతిరేక దిశలో వస్తుంది. పూర్వం బ్లేడుతో కోతలు పెట్టే రేడియల్ కెరటాటమీ చేయించుకున్నవారిలోనైతే చూపు ఉదయానికీ సాయంత్రానికీ మారవచ్చు. లేజర్ తగిలిన కార్నియా సమంగా లేదని టోపోగ్రఫీలో (కార్నియా ఉపరితలపు పటంలో) తేలితే, దూరం, దగ్గర రెండూ చూపించే మల్టీఫోకల్ లెన్స్ జోలికి పోకూడదు.

ఎంత జాగ్రత్తపడినా ఆపరేషన్ తర్వాత కళ్లజోడు అవసరం కావచ్చని రోగికి ముందే చెప్పాలి. రెండు కళ్లకూ శుక్లం ఉంటే, మొదటి కంటి పవర్ నిలకడపడేదాకా కొన్ని వారాలు ఆగి, అందులో వచ్చిన తేడాను చూసుకొని రెండో కంటి లెన్స్‌ను ఖాయం చేయాలి.