ఓకే చేసిన లీవు సేటు క్యాన్సిల్ చేస్తే ఏం చేయాలి? ఎక్స్‌ట్రా గంటలకు డబ్బులు ఎలా అడగాలి?

మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలో మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ వైపు బట్టల షాపులోనో మెడికల్ షాపులోనో మిర్చి గోదాములోనో ప్రైవేటు దవాఖాన రిసెప్షన్‌లోనో పనిచేసేవాళ్లను కదిలించి చూడండి, జీతం తక్కువన్న మాట కంటే ముందు రెండు గోడులు బయటికొస్తాయి. ఒకటి, పండక్కి లీవు అడిగితే నెల ముందు "సరే వెళ్లు" అన్న సేటు తీరా బస్సెక్కే ముందు రోజు "ఈసారికి ఆగు" అంటాడు. రెండోది, రాత్రి షట్టర్ దించాక స్టాకు లెక్క, కౌంటర్ లెక్క అంటూ గంటో రెండు గంటలో ఆపేస్తాడు. దానికి పైసా రాదు, మహా అయితే ఒక చాయ్ వస్తుంది.

సేటుతో కొట్లాటకు దిగమని నేను చెప్పను. చిన్న ఊళ్లు, అందరూ అందరికీ తెలుసు, పొద్దున ఒక షాపులో మాటా మాటా పెరిగితే సాయంత్రానికి బజారంతా తెలిసిపోతుంది. నోటిమాట మీద నడిచే వ్యవహారంలో చివరికి ఎవరి మాట నెగ్గుతుందో కూడా అందరికీ తెలిసిందే. కాబట్టి వీలైనంత వరకు కాయితం మీదికి తెచ్చుకోవాలి, అదీ పేచీ రాకముందే.

1. మీది ఎక్కడి ఉద్యోగం, ఏ చట్టం కిందికి వస్తుంది?

సరిహద్దులో ఉండేవాళ్లకు ఇక్కడే మొదటి తికమక. ఇల్లు బాసర దగ్గర, పని ధర్మాబాద్‌లో అయితే మహారాష్ట్ర చట్టం. ఇల్లు ధర్మాబాద్‌లో, పని నిజామాబాద్‌లో అయితే తెలంగాణ చట్టం. మీ ఆధార్ ఎక్కడిది, సేటు ఏ ఊరివాడు అన్నది లెక్కలోకి రాదు, మీరు పనిచేసే షాపు ఎక్కడుందో అదే లెక్క.

మహారాష్ట్రలో దుకాణాలు, హోటళ్లు, ఆఫీసులకు 2017 నాటి షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం ఉంది. అది పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట్ల కోసం రాసింది. రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు, ఒకేసారి 5 గంటలకు మించి నిలబెట్టకుండా మధ్యలో కనీసం అరగంట విరామం, ఇవీ అందులో మొదట పెట్టిన హద్దులు. 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఈ 9 గంటలను 10 చేయాలని, కొత్త నియమాలు 20 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న చోట్లకే పెట్టాలని నిర్ణయించింది, కాబట్టి మీ షాపులో ఇరవై మందికి తక్కువుంటే కామగార్ (లేబర్) ఆఫీసులో ఒక మాట అడిగి ముందుకెళ్లండి. రోజు గంటలు పెరిగినా వారానికి 48 అన్న గీత మాత్రం మారలేదు, దాన్ని పట్టుకోండి.

మరి నలుగురే పనిచేసే కిరాణా షాపు సంగతి? లీవుల విషయంలో ఆ చట్టం అక్కడ పెద్దగా పనికిరాదు. అదనపు గంటలకు మాత్రం 2025 నవంబరు 21న దేశమంతా అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ (జీతాల గురించిన కేంద్ర చట్టం) ఉంది, షాపులో ఎంతమంది ఉన్నారన్న దానితో దానికి పనిలేదు, మామూలు గంటలు దాటితే రెట్టింపు రేటు కట్టాల్సిందే అంటుంది. జిన్నింగ్ మిల్లు, దాల్ మిల్లు లాంటివి ఫ్యాక్టరీల కిందికి వస్తాయి, వాటికి షాపుల చట్టం వర్తించదు. అక్కడ పాత ఫ్యాక్టరీల చట్టంలో ఏడాదికి 240 రోజులు పనిచేస్తేనే జీతంతో లీవు పుట్టేది, పత్తి సీజను అయిపోగానే ఇంటికి పంపించేవాళ్లు ఆ లెక్కను అందుకునేదే లేదు. దాని బదులు వచ్చిన పని భద్రత, ఆరోగ్యాల కోడ్‌లో అది 180 రోజులైంది.

2. మీ లీవులు ఎన్నో ముందు లెక్కేసుకోండి

షాపుల చట్టం కిందికి వచ్చేవాళ్లకు ఏడాదికి 8 రోజుల క్యాజువల్ లీవు ఉంటుంది, ఏడాది దాటితే మురిగిపోతుంది. 240 రోజులు పనిచేసినవాళ్లకు ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున జీతంతో లీవు, అంటే కనీసం 12 రోజులు. ఇవి మురగవు, 45 రోజుల దాకా జమ అవుతాయి.

వీటికి తోడు జీతంతో 8 పండగ సెలవులు. వాటిలో నాలుగు ఖాయం: జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2. మిగతా నాలుగూ సేటు, పనివాళ్లు కలిసి ఏడాది మొదలవకముందే మాట్లాడుకోవాలి. ఈ సంగతి చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు అడగరు, సేటేమో తన ఇంట్లో జరిగే పండగలు నాలుగు రాసేసుకుంటాడు. మీ దగ్గర పనిచేసేవాళ్లలో సగం మంది తెలుగువాళ్లే అయితే డిసెంబరులో అందరూ కలిసి వెళ్లి సద్దుల బతుకమ్మ రోజు అందులో ఒకటిగా పెట్టమని అడగండి. పండగ వారం ముందు ఒక్కొక్కరుగా బతిమాలడం కంటే ఇది ఎంతో తేలిక.

3. లీవు అడిగే పద్ధతి

కనీసం పదిహేను రోజుల ముందు అడగాలి, చట్టంలో ఉన్న గడువు కూడా అదే. నోటితో చెప్పండి, చెప్పిన గంటలోపే అదే మాట వాట్సాప్‌లో పెట్టండి. పెద్ద షాపు, దవాఖాన, స్కూలు లాంటి చోటైతే కాయితం మీద "రజేచా అర్జ" (లీవు అర్జీ) అని మరాఠీలో రాసి రెండో కాపీ మీద పోచ్, అంటే అందినట్టు రసీదు, తీసుకోండి. "పోచ్ ద్యా" అని అడిగితే ఇక్కడ ఎవరూ తప్పుపట్టరు, కరెంటు ఆఫీసులోనూ పంచాయతీలోనూ రోజూ అడిగేదే కదా. సంతకం, తేదీ ఉంటే చాలు.

అర్జీలో కారణం ఒక్క ముక్కలో ఆపండి. మనవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. "మా మేనత్త కూతురి పెళ్లి సేట్‌జీ, అమ్మకు కూడా ఒంట్లో బాగుండట్లేదు, అటునుంచి అటే బాసర వెళ్లి పాపకు అక్షరాభ్యాసం కూడా చేయించుకొద్దామని..." అంటూ చుట్టాల జాబితా అంతా చదువుతారు. సేటు అందులోంచి బలహీనమైన దాన్ని పట్టుకుని "మేనత్త కూతురే కదా, ఒక్క రోజు చాలదా?" అంటాడు, మీ ఐదు రోజులూ అక్కడికక్కడే రెండవుతాయి. "ఇంట్లో శుభకార్యం" అంటే చాలు. అబద్ధం మాత్రం చెప్పొద్దు, అవతలి ఊళ్లో కూడా ఎవరో ఒకరు సేటుకు తెలిసినవాళ్లు ఉంటారు.

మెసేజ్ ఇలా ఉండొచ్చు, మీ సేటుకు ఏ భాష వస్తే అందులో పెట్టండి:

"సేట్‌జీ నమస్కారం. ఇందాక మాట్లాడినట్టు ఈ నెల 20 నుంచి 24 దాకా ఐదు రోజులు లీవు కావాలి, ఇంట్లో శుభకార్యం ఉంది. కౌంటర్ పని రాజుకు అప్పజెప్పి వెళ్తాను. మీరు ఓకే అంటే టికెట్ తీసుకుంటాను."

ఆ చివరి వాక్యం ఊరికే పెట్టింది కాదు. దానికి "ఠీక్ హై" అని జవాబొచ్చాకే టికెట్ కొన్నారన్నది రికార్డులో ఉంటుంది. జవాబు రాకపోతే రెండు రోజులాగి మళ్లీ అడగండి. బొటనవేలు బొమ్మ పెట్టినా జవాబే, స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

ఒక చేదు నిజం కూడా చెప్పాలి. చట్టం మీకు లీవు రోజులు ఇస్తుంది గానీ మీరు కోరిన తేదీకే ఇచ్చి తీరాలని సేటు మెడలు వంచదు. దీపావళి ముందు వారం బట్టల షాపులో లీవు అడిగితే కాదనడానికి అతనికీ కారణం ఉంటుంది. అలా కాదన్నప్పుడు కాదన్న సంగతి కూడా రాతలో ఉండేలా చూసుకోండి. పదిహేను రోజుల ముందు అడిగినా ఇవ్వకపోతే, 45 దాటి పేరుకున్న రోజులకు డబ్బు అడిగే హక్కు ఉంటుంది.

4. ఓకే అయ్యాక "ఆగు" అంటే

వెంటనే "సరే" అనకండి, "కుదరదు" అని కూడా అనకండి. ఫోన్‌లో చెప్తే "చూసి మెసేజ్ పెడతాను సేట్‌జీ" అని పెట్టేయండి. ఆ అరగంటలో ఆలోచించుకోండి: నిజంగా ఆగగలరా లేదా? ఆగలేకపోతే చిన్న మెసేజ్ చాలు: "5వ తేదీన మీరు ఓకే అన్నాక టికెట్లు తీసుకున్నాం, ఇంట్లో అందరికీ చెప్పేశాం. ఇప్పుడు మార్చడం కుదరదు. 25న పొద్దున డ్యూటీకి వస్తాను." ఇందులో సారీలు, వివరణలు, "ఏమనుకోకండి"లు కలపకండి, ఒక సారీ పెడితే అటునుంచి పది మాటలొస్తాయి.

ఆగగలిగితే ఊరికే ఆగొద్దు. కొత్త తేదీలు అప్పుడే రాయించుకోండి, టికెట్ డబ్బు పోతే ఎవరు భరిస్తారో అడగండి. అడిగితే ఇచ్చేవాళ్లూ ఉన్నారు, మనకు అడిగే అలవాటే తక్కువ.

లీవులో ఉండగా వచ్చే ఫోన్ల సంగతి వేరే. తాళం ఎక్కడుంది, ఫలానా పార్టీ బాకీ ఎంత అన్న ప్రశ్నలకు జవాబు చెప్పడంలో తప్పు లేదు, పోట్లాడాల్సినంత విషయమూ కాదు. కానీ పెళ్లి పందిట్లో కూర్చుని బిల్లులు సరిచూడమంటే అది పనే. వెళ్లేముందే "రోజూ సాయంత్రం ఆరింటికి ఒకసారి ఫోన్ చూస్తాను" అని చెప్పి, ఆరింటికే చూడండి. మధ్యలో ఒక్కసారి ఎత్తారా, ఇక ఆ మాటకు విలువ పోయినట్టే.

5. ఎక్స్‌ట్రా గంటలు: అడిగే ముందు లెక్క

యాభై పేజీల నోటుబుక్ ఒకటి కొనండి. రోజూ వచ్చిన టైము, వెళ్లిన టైము, విరామం, ఆపింది ఎవరు, ఎందుకు, ఇంతే రాయండి. ఒకేసారి కూర్చుని నెలది రాస్తే ఎవరూ నమ్మరు, ఏ రోజుది ఆ రోజే రాయాలి. షట్టర్ దించినప్పుడు గ్రూపులో పెట్టే ఫోటో, రాత్రి పంపిన స్టాకు లిస్టు, వీటికి టైము దానంతటదే పడుతుంది, అవి చెరిపేయొద్దు.

లెక్క ఇలా. జీతం 15,600 అనుకుందాం. మామూలుగా 26 రోజులతో భాగిస్తారు, రోజుకు 600. ఎనిమిది గంటలతో భాగిస్తే గంటకు 75. రెట్టింపు రేటు 150. పొద్దున తొమ్మిదికి వచ్చి రాత్రి ఎనిమిదికి వెళ్తూ మధ్యలో గంట విరామం ఉంటే రోజుకు పది గంటలు, వారంలో ఆరు రోజులకు అరవై, అంటే 48 మీద పన్నెండు ఎక్కువ. వారానికి 1,800 రూపాయలు. నాలుగు వారాలకు 7,200. దాదాపు సగం జీతం! ఇంకో సంగతి, మూడు నెలలకు ఇది 156 గంటలవుతుంది. 2017 చట్టం మూడు నెలల్లో 125 గంటలకు మించి ఓవర్‌టైమ్ చేయించకూడదంది, 2025 నిర్ణయం దాన్ని 144కు పెంచింది. అంటే డబ్బిచ్చినా సరే అన్ని గంటలు ఆపకూడదు.

ఈ మొత్తం అంకెతో మొదటిరోజే సేటు ముందుకెళ్లకండి, బెదిరింపులా వినబడుతుంది. ముందు రాబోయే గంటల గురించి మాట్లాడండి. ఈసారి ఆపినప్పుడు మామూలు గొంతుతో "ఉంటాను సేట్‌జీ, ఈ రెండు గంటలు రిజిస్టర్‌లో రాయమంటారా?" అని అడగండి. రాస్తే మంచిదే. "అదేంటి, ఇంటి మనిషివి, గంటల లెక్కేంటి" అంటే "పని ఎక్కువున్నప్పుడు ఉంటాను, కాకపోతే లెక్కలోకి రావాలి, లేదంటే ఎనిమిదికి వెళ్తాను" అని చెప్పి, మర్నాడు ఎనిమిదికి నిజంగానే వెళ్లిపోండి. ఇంటి మనిషి అన్న మాటకు నేనైతే అస్సలు పడను, ఇంటి మనిషైతే పండక్కి పంపించేవాడు.

అడ్వాన్స్ తీసుకున్నవాళ్లకు ఇది కష్టం, ఒప్పుకోవాలి. ఉచల్ (అడ్వాన్స్ బాకీ) మెడ మీద ఉంటే నోరు పెగలదు. అయినా ఆ బాకీ వేరు, మీ గంటల డబ్బు వేరు, ఒకదాని పేరు చెప్పి ఇంకొకటి ఎగ్గొట్టే వీల్లేదు. నోటుబుక్‌లో రెండింటికీ వేరువేరు పేజీలు పెట్టండి, తీర్చిన ప్రతి రూపాయీ రాయండి. లీవు కావాల్సిన నెలలో కొత్తగా అడ్వాన్స్ మాత్రం అడగొద్దు.

పెద్ద చోట్ల ఇంకో కిటుకు ఉంది, కుర్రాడికి "మేనేజర్" అని కార్డు కొట్టించి ఇస్తారు, మేనేజర్లకు ఓవర్‌టైమ్ ఉండదని. రోజంతా బిల్లులు కొడుతూ, బాక్సులు మోస్తూ ఉంటే కార్డు మీద ఏం రాసున్నా మీరు చేసేది గుమస్తా పనే, అలాగే వాదించండి.

6. ఏదీ పనిచేయకపోతే

నాందేడ్‌లో సహాయక్ కామగార్ ఆయుక్త (అసిస్టెంట్ లేబర్ కమిషనర్) ఆఫీసు ఉంటుంది. వెళ్లేముందు ఒకటి తేల్చుకోండి: అక్కడే పని చేస్తూ అడుగుతారా, మానేశాక అడుగుతారా? పని చేస్తూ అయితే ఒక్కరే వెళ్లొద్దు, ముగ్గురు నలుగురు కలిసి సంతకాలు పెట్టండి. మానేశాక అడగడానికీ టైముంది, వేతనాల కోడ్ కింద మూడేళ్ల లోపు క్లెయిమ్ వేయొచ్చు. క్లెయిమ్ పడ్డాక బకాయి కట్టేశానని రుజువు చేసుకోవాల్సింది యజమానే. అలాగని చేతులూపుకుంటూ వెళ్లొద్దు, అన్ని గంటలు పనిచేశారని చూపించేది మీ నోటుబుక్కే. అర్జీ మరాఠీలో ఉంటే పని తొందరగా కదులుతుంది, మరాఠీ మీడియంలో చదివిన తమ్ముడో మరదలో ప్రతి ఇంట్లో ఒకరుంటారు, వాళ్లతో రాయించండి.

పట్టుకెళ్లాల్సినవి: నోటుబుక్ జిరాక్సులు, లీవు అర్జీ పోచ్, స్క్రీన్‌షాట్ల ప్రింట్లు, జీతం పడిన బ్యాంకు పాస్‌బుక్, అపాయింట్‌మెంట్ లెటర్ ఉంటే అదీ. చేతికి నగదు ఇచ్చే చోటైతే ఈ నెల నుంచే ఫోన్‌పేలో వేయమని అడగడం మొదలుపెట్టండి, అక్కడ పనిచేసినట్టు సాక్ష్యం లేకపోతే మిగతావన్నీ చూపించినా కష్టమే. మానేస్తే రెండు పనిదినాల్లో మొత్తం లెక్క తేల్చి ఇవ్వాలని వేతనాల కోడ్‌లో ఉంది, "వచ్చే నెల పదో తారీఖున రా" అంటే ఆ మాట కూడా మెసేజ్‌లో పెట్టమనండి.