పిల్లలతో ఆన్‌లైన్ సైన్స్ ఎలా? ఫోన్‌లో బల్బు వెలిగించి, ఇంట్లో మోటార్ తిప్పేదాకా

మా అక్క కూతురు ఆరో తరగతి. కిందటి వేసవి సెలవుల్లో విద్యుత్ వలయం గురించి ఓ పది వీడియోలు చూసింది, అడిగితే గడగడా అప్పజెప్పేది కూడా. ఒకరోజు పెన్సిల్ సెల్లు, చిన్న టార్చి బల్బు, రెండు వైరు ముక్కలు చేతికిచ్చి వెలిగించమన్నాను. రెండు వైర్లూ తెచ్చి బల్బు అడుగునున్న బొడిపెకే ఆనించి "మామయ్యా, బల్బు పోయింది" అంది. బల్బు బాగానే ఉంది. రెండో వైరు పక్కనున్న లోహపు గోడకి తగలాలని పది వీడియోలు చూసినా చేతికి తెలియలేదు, అంతే.

అప్పట్నుంచి మా ఇంట్లో ఆన్‌లైన్ సైన్స్ అంటే చూడటం తక్కువ, కెలకడం ఎక్కువ. మీరూ ఒక్క పాఠంతో మొదలుపెట్టి చూడండి. దీనికి లాగిన్‌లు, ఫీజులు ఏమీ అక్కర్లేదు, ఓ సాయంత్రం చాలు.

ముందు ఫెట్ తెరవండి

ఇదో వెబ్‌సైట్, స్పెల్లింగ్ పి, హెచ్, ఇ, టి. గూగుల్‌లో దీనికి కొలరాడో అని కలిపి వెతికితే పైనే వస్తుంది. 2001లో ఫిజిక్స్‌లో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ ఆ మరుసటి ఏడాది కొలరాడో యూనివర్సిటీలో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కలు, బయాలజీ అన్నిట్లోనూ పిల్లలే కదిపి చూసుకునే బొమ్మలుంటాయి, మామూలు ఫోన్ బ్రౌజర్‌లోనే పనిచేస్తాయి. అందులో "సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్: డీసీ" అనేదాన్ని ఎంచుకోండి. పేజీలో అనువాదాల జాబితా ఉంటుంది, తెలుగు కనిపిస్తే సరే, లేదంటే ఇంగ్లీషుదే తెరవండి, ఎలాగూ దీంట్లో చదవాల్సింది పెద్దగా లేదు. నెట్ సరిగా రాని ఊళ్లో ఉంటే, సిగ్నల్ దొరికినప్పుడు ఒకసారి డౌన్‌లోడ్ చేసి ల్యాప్‌టాప్‌లో పెట్టుకోండి, తర్వాత నెట్ లేకపోయినా నడుస్తుంది.

ఊహించాకే వేలు పెట్టాలి

ఇక్కడ ఒక్కటే రూలు. ఏం జరుగుతుందో ముందు నోటితో చెప్పాలి, తర్వాతే స్క్రీన్ ముట్టుకోవాలి. తప్పు చెప్పినా ఏమీ అనకండి, "అలాగా, చూద్దాం" అంటే చాలు. మీరు మధ్యలో ఫోన్ లాక్కుని చేసి చూపించకండి, ఇది పిల్లల కంటే మనకే కష్టం.

ఒక బ్యాటరీ, ఒక బల్బు కలిపి వెలిగించమనండి. వైర్లలో నీలం చుక్కలు కదులుతుంటాయి, అవే ఎలక్ట్రాన్లు. కరెంటు బ్యాటరీలోంచి బయల్దేరి బల్బు దగ్గర ఖర్చయిపోతుందని చాలామంది పిల్లలు అనుకుంటారు (నిజం చెప్పాలంటే నేనూ ఇంటర్ దాకా అలాగే అనుకున్నాను). బల్బుకి ముందు చుక్కలు ఎంత జోరుగా కదులుతున్నాయి, దాటాక ఎంత జోరుగా కదులుతున్నాయి, జాగ్రత్తగా చూడమనండి. రెండు వైపులా ఒకటే! మరి బల్బు ఏం వాడుకున్నట్టు? శక్తిని. ఈ ఒక్క సంగతి మీద పావుగంట గడిచినా తొందరపడకండి.

తర్వాత అదే దారిలో, వరసగా ఇంకో బల్బు పెట్టించండి. రెండూ మసకబారతాయి. ఈసారి రెండో బల్బుకి విడిగా దారి వేసి బ్యాటరీకే కలపమనండి. రెండూ మొదటి వెలుగుతోనే వెలుగుతాయి. అప్పుడు అడగండి, మన హాల్లో ఫ్యాన్ ఆపేస్తే ఫ్రిజ్ ఎందుకు ఆగదు అని. ఆ జవాబు మీరు చెప్పకండి.

బ్యాటరీ రెండు చివర్లనీ ఉత్త వైరుతో కలిపేస్తే స్క్రీన్ మీద మంట వస్తుంది, పిల్లలు దీన్ని ఓ పదిసార్లు చేస్తారు, చేయనివ్వండి. నాణెం, రబ్బరు కూడా మధ్యలో పెట్టి చూడొచ్చు, కుక్క కూడా ఉంది.

పాఠ్యపుస్తకం ఆఖర్న

ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో పాఠం దగ్గర క్యూఆర్ కోడ్ ఉంటుంది, దీక్ష యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, ప్రశ్నలు వస్తాయి. కొన్ని బాగుంటాయి, కొన్ని నిద్రపుచ్చుతాయి. పరీక్షలో రాయాల్సిన మాటలు, అంటే శ్రేణి (ఒకే దారిలో వరసగా పెట్టడం), సమాంతరం (విడివిడి దారుల్లో పెట్టడం) లాంటివి, ఇక్కడ పట్టుకుంటే చాలు.

ఇక చేతులు

ఐఐటీ కాన్పూర్‌లో చదువుకుని, పనికిరాని వస్తువులతో సైన్స్ బొమ్మలు చేయించడమే పనిగా పెట్టుకున్న అరవింద్ గుప్తా పేరు వెతకండి. 2018లో పద్మశ్రీ వచ్చింది ఆయనకి. ఆయన సైట్‌లో బొమ్మలు ఎలా చేయాలో చూపించే ఫొటోలు, వీడియోలు బోలెడు. మోటార్‌తో మొదలుపెట్టండి.

కావాల్సినవి ఒక పెద్ద సెల్లు, రెండు పిన్నీసులు, రబ్బరు బ్యాండు, పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం, ఓ మీటరున్నర రాగి వైండింగ్ వైరు. వైరు కోసం మోటార్ రివైండింగ్ షాపులో అడగండి, ముక్కలు ఊరికే ఇచ్చేస్తారు. సెల్లు చుట్టూ వైరుని పది చుట్లు చుట్టి, తీసేసి, రెండు కొసలు అటొకటి ఇటొకటి తిన్నగా బయటికి ఉంచండి. పిన్నీసులు సెల్లు రెండు చివర్లా రబ్బరు బ్యాండుతో బిగించి, అయస్కాంతం సెల్లు మీద అంటించి, చుట్ట కొసలు పిన్నీసుల కన్నాల్లో దూర్చాలి.

అంతా బాగానే చేసి చాలామంది దెబ్బతినేది గీకడం దగ్గరే. ఆ వైరు మీద కంటికి కనిపించని పూత ఉంటుంది, అది కరెంటుని పోనివ్వదు. ఒక కొసని చుట్టూ పూర్తిగా గీకండి. రెండో కొసని మాత్రం, చుట్టని నిలువుగా పట్టుకుని, పైసగమే గీకండి. రెండో కొస కూడా పూర్తిగా గీకేస్తే చుట్ట సగం తిరిగాక అయస్కాంతం దాన్ని వెనక్కి లాగుతుంది, అక్కడే ఊగుతూ ఆగిపోతుంది. సగం పూత ఉంచితే ఆ సగం తిరుగుడులో కరెంటు ఉండదు, వచ్చిన ఊపుతోనే చుట్ట ముందుకి పోతుంది. బ్లేడు పని మీరే చేయండి, లేదా గరుకు కాగితం ఇవ్వండి.

వేలితో చిన్నగా తోయాలి. మాకు మూడోసారికి తిరిగింది, మా మేనకోడలు అరిచిన అరుపుకి పక్కింటి పిన్నిగారు వచ్చి చూశారు. నిమిషానికి మించి ఉంచకండి, సెల్లు, వైరు రెండూ వేడెక్కుతాయి. గోడ ప్లగ్గులో 230 వోల్టులుంటుంది, ఈ ఆటలు దాని దగ్గరికి పోకూడదని మొదట్లోనే గట్టిగా చెప్పండి.

అది బాగా తిరుగుతున్నప్పుడు ఆపి, అయస్కాంతాన్ని బోర్లించి పెట్టమనండి. ఈసారి ఎటు తిరుగుతుందో ముందు చెప్పాలి, తర్వాతే తోయాలి.