తెలుపు ఎక్కువున్న మనీ ప్లాంట్‌కు కుండీ మార్చే పద్ధతి

మామూలు మనీ ప్లాంట్ ఎలా నాటినా బతుకుతుంది. సీసాలో నీళ్లు పోసి ఒక కొమ్మ పెట్టినా ఏళ్ల తరబడి పచ్చగా ఉంటుంది. ఆ ధైర్యంతోనే చాలామంది మార్బుల్ క్వీన్‌నూ అదే తీరుగా చూస్తారు. ఆకు నిండా మీగడ రంగు చారలతో కుండీ అంచు మీదుగా కిందికి జారే ఈ రకం, కొత్త కుండీలోకి మారిన కొద్ది వారాలకే మెత్తబడి పోవడం మా అపార్ట్‌మెంట్‌లోనే చాలా ఇళ్లలో చూశాను. కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే. కుండీ పెద్దది, మట్టి బరువైనది, రెండూ కలిసి వేర్ల చుట్టూ తడి ఆరనివ్వవు.

ఆకులో తెల్లగా కనిపించే చోట పత్రహరితం దాదాపుగా ఉండదు. ఆ భాగం ఆహారం తయారు చేయలేదు. పక్కనున్న పచ్చ భాగమే తనకూ దానికీ కలిపి సంపాదించాలి. అందుకే తెలుపు ఎక్కువైన కొద్దీ తీగ నిదానంగా సాగుతుంది, వేర్లు నిదానంగా పరుచుకుంటాయి, నీళ్లు తక్కువ పీల్చుకుంటుంది. కుండీ సైజు, మట్టి, నీళ్లు అన్నీ ఈ సంగతిని బట్టే నిర్ణయించుకోవాలి. ఎన్‌జాయ్ అని అమ్మే చిన్నాకుల రకానికీ ఇదే వర్తిస్తుంది.

ముందు, మార్చాల్సిన అవసరం ఉందో లేదో చూడండి. కుండీ అడుగు రంధ్రాల్లోంచి వేర్లు బయటికి వస్తుంటే, పోసిన నీళ్లు మట్టిలో నిలవకుండా చప్పున కిందికి జారిపోతుంటే, మంచి వెలుతురులో ఉన్నా కొత్త ఆకులు చిన్నవిగా వస్తుంటే మార్చవచ్చు. తీగ పొడవు పెరిగిందన్నది మాత్రం కారణం కాదు. ఆరడుగుల తీగ కూడా చిన్న కుండీలో హాయిగా ఉంటుంది. నర్సరీ నుంచి కొత్తగా తెచ్చిన మొక్కను ఆ రోజే మార్చకండి. మా విజయవాడలో తోపుడు బండ్ల మీద అమ్మే మొక్కల్లో నర్సరీలకు పేరున్న కడియం వైపు నుంచి వచ్చేవి ఎక్కువ. నీడ వలల కింద పెరిగి, లారీలో ప్రయాణం చేసి వచ్చిన మొక్క ఇంటి గాలికీ వెలుతురుకూ అలవాటు పడడానికి రెండు వారాలైనా ఇవ్వాలి.

కాలం విషయంలో నేను పట్టుదలగా ఉంటాను. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండల్లో ఈ పని పెట్టుకోవద్దు. వేరు కదిలిన మొక్క ఆ వేడిగాలికి తట్టుకోలేదు. మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడ్డాక, గాలిలో తేమ చేరాక, జూన్ చివరి నుంచి ఆగస్టు వరకు మంచి అదను. అప్పుడు కుదరకపోతే ఫిబ్రవరిలో, చలి తగ్గిన వెంటనే చేయవచ్చు.

కుండీ సంగతికి వద్దాం. అందరూ జారేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. పక్క ఫ్లాటులో ఉండే చెల్లెమ్మ ఒకసారి "అక్కా, పెద్ద కుండీలోనే పెట్టేస్తాను, మళ్లీ మళ్లీ మార్చే పని ఉండదు కదా" అంది. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ లెక్క చూడండి. 6 అంగుళాల కుండీ నుంచి అదే ఆకారంలో ఉన్న 12 అంగుళాల కుండీకి మారిస్తే మట్టి రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. వేర్లేమో ఉన్నన్నే ఉంటాయి. పోసిన నీటిలో అవి పీల్చేది పోగా మిగిలినదంతా మట్టిలోనే నిలిచి ఉంటుంది. గాలి ఆడని ఆ తడిలో వేర్లు కుళ్లుతాయి. 6 అంగుళాల నుంచి 8 అంగుళాలకు వెళ్తే మట్టి రెండు రెట్ల పైచిలుకు అవుతుంది. అంతకు మించి వద్దు. తెలుపు మరీ ఎక్కువున్న మొక్క అయితే 7 అంగుళాల కుండీ దొరికిందంటే ఇంకా సంతోషం.

మట్టి కుండీ గోడల గుండా తడి ఆరుతుంది కాబట్టి నీళ్లు పోసే చెయ్యి ఆగనివారికి అదే మేలు. కొత్తదైతే నాటడానికి ముందు కొన్ని గంటలు నీళ్లలో నానబెట్టండి, లేకపోతే తడినంతా అదే పీల్చేస్తుంది. వేలాడదీసేవారికి బరువు తక్కువ కాబట్టి ప్లాస్టిక్ కుండీ తప్పదు. ఏదైనా అడుగున రంధ్రం ఉండాలి. రంధ్రం లేని పింగాణీ కుండీ ఎంత అందంగా ఉన్నా మొక్కను నేరుగా అందులో నాటకండి.

అడుగున గులకరాళ్లు పరిస్తే నీళ్లు బాగా దిగుతాయని మనందరికీ అమ్మమ్మల కాలం నుంచీ ఒక నమ్మకం. జరిగేది అందుకు వ్యతిరేకం. సన్నటి మట్టి పూర్తిగా తడిసి నిండేదాకా నీరు కింద ఉన్న పెద్ద ఖాళీల్లోకి జారదు. అంటే కుండీ అడుగున ఉండాల్సిన తడి పొర రాళ్ల మీదికి, వేర్లకు ఇంకా దగ్గరగా వచ్చి కూర్చుంటుంది. మట్టి జారిపోకుండా రంధ్రం మీద పాత దోమతెర ముక్క వేయండి, చాలు.

ఇక మిశ్రమం. నేను రెండు పాళ్లు కొబ్బరి పొట్టు, ఒక పాలు పెర్లైట్ అనే తేలికైన తెల్లటి గుళికలు, ఒక పాలు వర్మీకంపోస్టు కలుపుతాను. పెర్లైట్ దొరకకపోతే ఇటుక ముక్కలను శనగగింజంత చేసి, జల్లించి, పొడి తీసేసి వాడవచ్చు. చిన్న బొగ్గు ముక్కలు గుప్పెడు, వేపపిండి రెండు చెంచాలు. తోట మట్టి అసలు వేయను. ఇక్కడి నల్లరేగడి కుండీలో పడితే తడిసినప్పుడు ముద్దై, ఎండినప్పుడు నెర్రెలిచ్చి వేర్లను తెంపుతుంది. ఇటుకలా అచ్చుపోసి అమ్మే కొబ్బరి పొట్టును నానబెట్టాక వచ్చే గోధుమరంగు నీళ్లను పారబోసి, మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడగండి. అందులో ఉప్పు ఉండే అవకాశం ఉంది, ఉప్పు మొదట ప్రభావం చూపేది తెల్లటి అంచుల మీదే. కడిగాక గట్టిగా పిండి, పిడికిట్లో నొక్కితే ఒకటి రెండు చుక్కలు మాత్రమే రాలేంత తడితో వాడండి.

మార్చే ముందు రోజు సాయంత్రం పాత కుండీకి నీళ్లు పోయండి. నేల మీద పాత వార్తాపత్రికలు పరిచి, తీగలను చిక్కు తీసి, వదులు జడలా రెండు మూడు పాయలుగా చేర్చి మెత్తటి గుడ్డపేలికతో కట్టండి. వేలాడే మొక్కల్లో వేర్ల కంటే తీగలే ఎక్కువ విరుగుతాయి. ఒకరు తీగలను పట్టుకుంటే ఇంకొకరు కుండీని చూసుకోవడం మంచిది. కాండాన్ని పట్టి లాగకుండా, కుండీని పక్కకు వాల్చి చుట్టూ తట్టి, అరచేతిలోకి వేర్ల ముద్దను జారనివ్వండి.

ఇప్పుడు వేర్లను చూడండి. తెల్లగానో లేత మీగడ రంగులోనో గట్టిగా ఉంటే ఆరోగ్యమే. గోధుమరంగులోకి తిరిగి, వేలితో నొక్కితే తోలు ఊడి దారంలా మిగిలేవి, చెడు వాసన కొట్టేవి కుళ్లినవి. సర్జికల్ స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో వాటిని గట్టి భాగం వరకు తీసేయండి. గుండ్రంగా చుట్టుకున్న వేర్లను అడుగు నుంచి వేళ్లతో మెల్లగా విప్పితే చాలు. నర్సరీ మొక్కకు తరచుగా వేర్ల మధ్యలో బంకమట్టి ఉండ ఉంటుంది. దాన్ని అలాగే ఉంచితే చుట్టూ ఉన్న తేలిక మిశ్రమం ఆరిపోయినా లోపలి ఉండ తడిగానే ఉంటుంది. గోరువెచ్చని నీటి బకెట్‌లో పావుగంట ఉంచి కడిగేయండి. కొన్ని సన్న వేర్లు పోతాయి, భయపడకండి.

కంద, చేమ ఏ కుటుంబానివో మనీ ప్లాంట్ కూడా ఆ కుటుంబానిదే. దాని రసంలోనూ దురద పుట్టించే కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. కోసేటప్పుడు చేతికి తొడుగులు వేసుకోండి, కళ్లు నలుపుకోకండి. కోసిన ముక్కలు చంటిపిల్లలకూ పిల్లులకూ కుక్కలకూ అందకుండా వెంటనే తీసేయండి.

కత్తిరింపు కూడా ఈ రోజే చేసుకోవచ్చు. పూర్తిగా పచ్చగా మారిన తీగ ఉంటే, చివరిగా చారలు కనిపించిన కణుపు వరకు వెనక్కి కోసేయండి. పచ్చ తీగకు బలం ఎక్కువ, వదిలేస్తే కొన్నాళ్లకు కుండీ అంతా అదే ఆక్రమిస్తుంది. ఎక్కడ కోయాలో ఆకును కాక కాండాన్ని చూసి నిర్ణయించండి. కాండం మీద పచ్చ, తెలుపు చారలు రెండూ సాగుతున్న కణుపు నుంచి వచ్చే చిగురుకు రెండు రంగులూ వచ్చే అవకాశం ఎక్కువ. మొత్తం తెల్లబడిన తీగ చూడముచ్చటగా ఉంటుంది గానీ తనను తాను పోషించుకోలేదు. దాన్నీ చారలున్న చోటి వరకు తగ్గించండి.

కొత్త కుండీలో కొంత మిశ్రమం వేసి, మొక్క పాత లోతులోనే ఉండేలా నిలబెట్టండి. పైన అంగుళం ఖాళీ వదిలి చుట్టూ మిశ్రమం నింపండి. గట్టిగా అదమకూడదు, కుండీని నేల మీద రెండు మూడుసార్లు తడితే సర్దుకుంటుంది. పైభాగం బోడిగా కనిపిస్తే, కోసిన చారల తీగను ఒక్కో కణుపు, ఒక్కో ఆకు ఉండేలా ముక్కలు చేసి, కణుపు దగ్గరి గాలి వేరు మట్టిలోకి వెళ్లేలా ఖాళీల్లో గుచ్చండి. కుండీ గుబురుగా నిండడానికి ఇంతకంటే మంచి మార్గం లేదు.

అడుగు రంధ్రం నుంచి ధారగా కారేదాకా ఒకసారి నీళ్లు పోసి, పళ్లెంలో చేరినది పారబోయండి. ఆ తర్వాత చెయ్యి ఆపుకోవాలి. పై రెండు అంగుళాలు పూర్తిగా ఆరాకే మళ్లీ నీళ్లు. చీపురుపుల్ల గుచ్చి చూస్తే తెలిసిపోతుంది, మట్టి అంటకుండా పొడిగా బయటికి రావాలి. మా బోరు నీటిలాంటి ఉప్పదనం ఉన్న నీరైతే వాన నీళ్లు పట్టి పోయండి, వానాకాలంలో కుండీ మార్చడంలో అదొక లాభం.

తూర్పు కిటికీ దగ్గర, పలుచటి తెర వెనక పెట్టండి. వెలుతురు తక్కువైతే కొత్త ఆకుల్లో తెలుపు తగ్గుతుంది. నేరుగా మధ్యాహ్నపు ఎండ పడితే తెల్లటి చోటే ముందు మాడి గోధుమరంగు మచ్చలవుతుంది. మొదటి రెండు వారాల్లో కింది ఆకు ఒకటో రెండో పసుపు పచ్చగా మారి రాలితే కంగారుపడి నీళ్లు పోయకండి. కాండం మొదలు మెత్తగా నల్లబడుతుంటే మాత్రం ఆగవద్దు. ఆ రోజే తీసి, మంచి కణుపులను నీళ్ల సీసాలో వేయండి.

ఎరువు నెలన్నర దాకా వద్దు, వర్మీకంపోస్టు ఉంది కదా. ఆ తర్వాత 19-19-19 అని అమ్మే, నీళ్లలో కరిగే ఎరువును లీటరు నీటికి పావు చెంచా చొప్పున నెలకోసారి, చలికాలంలో అదీ మానేయండి. పాత మట్టిలో కుళ్లిన వేర్లు లేకపోతే మేడ మీద ఎండబెట్టి తోటకూర మడిలో కలుపుకోవచ్చు. ఉంటే పారేయండి.